ఎంపీల మద్దతు జాబితా చూసి ఎవరు గెలుస్తారో చెప్పొచ్చా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: బ్రిటన్‌లో పార్టీ సభ్యత్వం కొత్తగా తీసుకున్నారు. నాయకత్వ ఎన్నికలో మొదటిసారి ఓటు వేయబోతున్నారు. ఎంపీలు, మాజీ మంత్రులు రోజుకొకరు 'నా మద్దతు ఫలానావారికి' అని ప్రకటిస్తున్నారు. ఎవరి వెనక ఎక్కువ పేర్లుంటే వాళ్లే గెలుస్తారా? మీ ఎంపీ చెప్పినవారికే ఓటేయాలా?

నేను లేబర్ పార్టీలో చేరి పదిహేనేళ్లు దాటింది. 2015, 2016, 2020 నాయకత్వ ఎన్నికల్లో సభ్యులకు ఫోన్లు చేశాను. మా స్థానిక శాఖ నామినేషన్ సమావేశాల్లో ఓట్లు లెక్కపెట్టాను. కన్జర్వేటివ్ పార్టీ ఎన్నికలను బయటి నుంచే చూశాను కానీ, ప్రతి రౌండు అంకెలూ రాసుకుని మరీ చూశాను. నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. ఆ జాబితా ఎవరు గెలుస్తారో నమ్మకంగా చెప్పదు. గెలిచినవాళ్లను పార్టీ ఎన్నాళ్లు నిలబడనిస్తుందో మాత్రం చాలాసార్లు చెబుతుంది. కొత్త సభ్యులు మొదటిదాని కోసం ఆ పేర్లు చూస్తారు. చూడాల్సింది రెండోదాని కోసం.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. నామినేషన్ వేరు, మద్దతు వేరు. ఎంపీ ఒకరి పేరు మీద సంతకం పెట్టారంటే ఆయన్ను పోటీలోకి రానిచ్చారని మాత్రమే అర్థం. ఓటు కూడా ఆయనకే వేస్తారని కాదు. ఈ రెండూ ఒకటే అనుకున్నందుకే 2015లో లేబర్ పార్టీ దిమ్మెరపోయింది.

ఆ ఏడాది మే సాధారణ ఎన్నికల్లో ఓడాక పార్టీ నాయకుడు ఎడ్ మిలిబాండ్ తప్పుకున్నారు. పార్టీకి 232 మంది ఎంపీలు మిగిలారు. పోటీలో నిలవాలంటే అందులో 15 శాతం, అంటే 35 మంది సంతకాలు కావాలి. ఆండీ బర్నమ్‌కు 68, ఇవెట్ కూపర్‌కు 59, లిజ్ కెండల్‌కు 41 వచ్చాయి. నాలుగో మనిషి జెరెమీ కోర్బిన్. మూడు దశాబ్దాలుగా వెనక బెంచీల్లో కూర్చుని సొంత పార్టీ విప్‌లకు ఎదురు తిరిగిన ఎంపీ. జూన్ 15 మధ్యాహ్నం 12 గంటలకు గడువు. నిమిషాల ముందు ఆయనకు 35వ సంతకం పడింది, చివరికి 36 అయ్యాయి. అందులో చాలా సంతకాలు మన భాషలో చెప్పాలంటే చేబదుళ్లు. వామపక్ష గొంతు కూడా చర్చలో ఉంటే మంచిదని, గెలిచేది ఎలాగూ లేదని ఇచ్చినవి. పార్టీకి ఒకప్పుడు తాత్కాలిక నాయకురాలిగా పనిచేసిన మార్గరెట్ బెకెట్ అలాగే సంతకం పెట్టారు. సాదిక్ ఖాన్ సంతకం పెట్టి, ఓటు మాత్రం ఆయనకు వేయనన్నారు. పార్టీలో కుడివైపు ఉండే ఫ్రాంక్ ఫీల్డ్ కూడా పెట్టారు.

సెప్టెంబరు 12న ఫలితం వచ్చింది. కోర్బిన్‌కు 2,51,417 ఓట్లు, అంటే 59.5 శాతం. బర్నమ్‌కు 19, కూపర్‌కు 17, కెండల్‌కు 4.5 శాతం. ఎంపీల జాబితాలో అందరికన్నా అడుగున ఉన్న మనిషికి మిగతా ముగ్గురికీ కలిపి వచ్చినదానికన్నా ఎక్కువ వచ్చాయి.

ఆ వేసవిలో నేను బర్నమ్ కోసం ఫోన్లు చేశాను. మా చేతికిచ్చిన కాగితంలో మొదటి వాక్యమే ఎంతమంది ఎంపీలు ఆయనతో ఉన్నారన్నది. రెండో సాయంత్రానికే ఆ వాక్యం చదవడం మానేశాను. అవతలివాళ్లు దాన్ని పట్టించుకోలేదు. సంక్షేమ బిల్లు మీద మీవాడు ఏం చేశాడు అని అడిగేవారు. జులై 20న సంక్షేమ కోతల బిల్లు పార్లమెంటుకు వచ్చినప్పుడు, ఓటింగులో పాల్గొనవద్దని పార్టీ చెప్పింది. 48 మంది లేబర్ ఎంపీలు ఆ మాట కాదని వ్యతిరేకంగా ఓటేశారు. నలుగురు అభ్యర్థుల్లో వ్యతిరేకంగా వేసింది కోర్బిన్ ఒక్కరే. 68 మంది ఎంపీల సంతకాలకన్నా ఆ ఒక్క ఓటుకే సభ్యుల దగ్గర ఎక్కువ విలువ ఉందని ఫోన్లో విని తెలుసుకున్నాను. కోర్బిన్ వద్దని మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్ మళ్లీ మళ్లీ హెచ్చరించారు, మరో మాజీ ప్రధాని గోర్డన్ బ్రౌన్ పెద్ద ప్రసంగం చేశారు. పార్టీని మూడుసార్లు వరసగా గెలిపించిన బ్లెయిర్ వద్దంటే జనం ఆగుతారని మేమంతా అనుకున్నాం. ఆగలేదు. ఇరాక్ యుద్ధం మీద ఆయనపై కోపం ఉన్నవాళ్లకు ఆయన వద్దనడమే ఒక సిఫారసు అయింది.

దీన్నిబట్టి మద్దతులకు విలువే లేదనుకోకండి. ఎవరి మద్దతు అన్నది ముఖ్యం. పేరు మాత్రమే ఇచ్చేవాళ్లుంటారు, పేరుతో పాటు మనుషుల్ని, చిరునామాలను, తపాలా ఖర్చును ఇచ్చేవాళ్లుంటారు. 2010 ఎన్నిక దీనికి మంచి ఉదాహరణ. అప్పట్లో ఓటు మూడు వాటాలుగా ఉండేది: ఎంపీలకు ఒకటి, సభ్యులకు ఒకటి, కార్మిక సంఘాలు, ఇతర అనుబంధ సంఘాలవారికి ఒకటి. అన్న డేవిడ్ మిలిబాండ్ ఎంపీల్లోనూ ముందున్నారు, సభ్యుల్లోనూ ముందున్నారు. తమ్ముడు ఎడ్‌కు యునైట్, జీఎంబీ, యునిసన్ అనే మూడు పెద్ద యూనియన్లు మద్దతిచ్చాయి. ఉత్త ప్రకటనతో సరిపెట్టలేదు. కొన్నిచోట్ల బ్యాలెట్ పత్రం వెళ్లిన కవరులోనే ఎడ్‌కు ఓటేయమనే కాగితం కూడా వెళ్లింది. చివరికి ఎడ్‌కు 50.65 శాతం, డేవిడ్‌కు 49.35. ఒకటిన్నర శాతం కూడా లేని తేడా. కవరులో కాగితం పెట్టగలిగిన మద్దతుకు బలం ఉంది. ఎక్స్‌లో ఫొటోతో పెట్టే నాలుగు వాక్యాల మద్దతుకు ఆ బలం ఉండదు. మీరు జాబితా చూసేటప్పుడు ప్రతి పేరు పక్కనా రాసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఈ మనిషి ఎన్ని ఇళ్లకు చేరగలరు?

2014లో ఆ మూడు వాటాల పద్ధతి తీసేశారు, ఒక మనిషికి ఒక ఓటు అన్నారు. 3 పౌండ్లు కడితే సభ్యత్వం లేకపోయినా మద్దతుదారుగా ఓటేయొచ్చన్నారు. అంతకుముందు ఎంపీ ఓటుకు వందల మంది సభ్యుల ఓట్లంత బరువుండేది. ఆ బరువు పోయాక ఎంపీల చేతిలో మిగిలింది గేటు తాళం ఒక్కటే. 2015లో వాళ్లు ఆ తాళం కూడా తీసి ఇచ్చేశారు. అందుకే 2021లో నామినేషన్ హద్దును 20 శాతానికి పెంచారు. సభ్యుడిగా నాకది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. ఎంచుకునే పేర్లే తగ్గిపోతే ఓటు హక్కు ఉండి ఏం లాభం?

ఇక కన్జర్వేటివ్‌ల సంగతి. వాళ్ల దగ్గర ఎంపీలు రౌండ్ల వారీగా ఓటేసి ఇద్దరిని మిగులుస్తారు, ఆ ఇద్దరిలో ఒకరిని సభ్యులు ఎన్నుకుంటారు. ఎంపీలు వేసేది రహస్య బ్యాలెట్. బహిరంగంగా చెప్పిన మాటకూ చాటున వేసిన ఓటుకూ ఎంత దూరమో అక్కడ అంకెల్లోనే కనిపిస్తుంది. 2022 జులైలో ప్రధాని బోరిస్ జాన్సన్ తప్పుకుంటానన్నాక పోటీకి 20 మంది ఎంపీల మద్దతు కావాలన్నారు. జెరెమీ హంట్‌కు ఆ 20 దొరికింది, పోటీలోకి వచ్చారు. మొదటి రౌండులో ఆయనకు పడినవి 18. అంటే పేరిచ్చినవాళ్లు కూడా అందరూ ఓటివ్వలేదు.

2024లో ఇంకా చిత్రమైనది జరిగింది. మూడో రౌండులో జేమ్స్ క్లెవర్లీ 39 ఓట్లతో అందరికన్నా ముందున్నారు. రాబర్ట్ జెన్రిక్‌కు 31, కెమీ బేడెనాక్‌కు 30. 20 ఓట్లతో అడుగున ఉన్న టామ్ టుగెన్‌డాట్ పోటీ నుంచి తొలగిపోయారు, ఆ 20 మంది కొత్తగా ఎవరో ఒకరికి వేయాలి. క్లెవర్లీ ఫైనల్‌కు వెళ్లడం ఖాయమన్నారు. మర్నాడు లెక్క తేలితే బేడెనాక్‌కు 42, జెన్రిక్‌కు 41, క్లెవర్లీకి 37. ఉన్న ఓట్లలోనే రెండు తగ్గాయి. ఆయన గెలుపు ఎలాగూ ఖాయమని, ఎదురు నిలిచేది ఎవరో తామే తేల్చాలని కొందరు ఓట్లు పక్కకు మళ్లించారన్నది ఎక్కువమంది నమ్మే వివరణ. రహస్య బ్యాలెట్ కాబట్టి రుజువుండదు. అక్కడా చేబదులే, ఇక్కడా చేబదులే. ఇచ్చినవాళ్లు తిరిగి వస్తుందనుకుంటారు, రాదు.

2022 అక్టోబరులో, జాన్సన్ తర్వాత ప్రధాని అయిన లిజ్ ట్రస్ కూడా రాజీనామా చేశాక, హద్దు ఏకంగా 100 మంది ఎంపీలకు పెంచారు. అప్పుడు ఎంపీ నదీమ్ జహావీ, జాన్సన్ తిరిగి రావాలంటూ రాసిన వ్యాసం అచ్చయిన సమయానికే జాన్సన్ తప్పుకున్నట్టు ప్రకటించారు. నిమిషాల్లో జహావీ రిషి సునాక్‌కు మద్దతు తెలిపారు. ఆయన్ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. చాలామంది ఎంపీల మద్దతు గెలిచేవాళ్ల దగ్గరకు ఎంత తొందరగా చేరుతుందో చూపించడానికి చెబుతున్నాను. చివరి వారంలో వచ్చే మద్దతులు ఎన్నికను మార్చవు, అప్పటికే మారిన గాలిని చూపిస్తాయి. ఓడిపోయేలా ఉన్న మనిషి పక్కన మొదటి రోజు నుంచీ నిలబడిన పేర్లకే నేను ఎక్కువ విలువిస్తాను.

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. 2022 వేసవిలో ఎంపీల చివరి రౌండులో సునాక్‌కు 137, లిజ్ ట్రస్‌కు 113, పెనీ మోర్డంట్‌కు 105. సభ్యుల ఓటులో ట్రస్ 81,326, సునాక్ 60,399. ట్రస్ గెలిచారు. కానీ ఆమెను కోరుకున్న ఎంపీలు మొత్తం ఎంపీల్లో మూడో వంతు కూడా లేరు. సెప్టెంబరు 6న ప్రధాని అయ్యారు. చిన్న బడ్జెట్ బెడిసికొట్టి మార్కెట్లు కుదుపుకు గురైనప్పుడు ఆమెను ఆదుకునే ఎంపీల బలగం లేదు. అక్టోబరు 20న రాజీనామా ప్రకటించారు.

ఇదే పార్టీలో 2001లో జరిగినదీ చూడండి. ఎంపీల చివరి రౌండులో కెన్ క్లార్క్‌కు 59, ఇయాన్ డంకన్ స్మిత్‌కు 54, మైకేల్ పోర్టిల్లోకు 53. సభ్యుల దగ్గర డంకన్ స్మిత్‌కు మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ అండ దొరికింది, క్లార్క్‌కు మరో మాజీ ప్రధాని జాన్ మేజర్ అండ. ఆ పార్టీ సభ్యులకు థాచర్ మాట అంటే ఇంటి పెద్ద మాట. డంకన్ స్మిత్ 1,55,933, క్లార్క్ 1,00,864. ఘనంగానే గెలిచారు. కానీ 166 మంది ఎంపీల్లో ఆయన్ను ఎంచుకున్నది 54 మంది. 2003 అక్టోబరులో ఎంపీలు అవిశ్వాస ఓటు పెట్టి 90-75తో దించేశారు. ఒక్క సాధారణ ఎన్నికైనా ఎదుర్కోకుండానే వెళ్లిపోయారు.

కోర్బిన్‌కూ అదే జరగబోయింది. 2016 జూన్‌లో ఎంపీలు 172-40తో అవిశ్వాసం తెలిపారు. ఆ 40 చూసినప్పుడు నాకు 2015 నాటి 36 గుర్తొచ్చింది. ఆయన దిగలేదు. ఓవెన్ స్మిత్ 162 మంది ఎంపీల సంతకాలతో ఎదురు నిలిస్తే సభ్యులు 61.8 శాతంతో మళ్లీ కోర్బిన్‌నే గెలిపించారు. పదవి నిలిచింది కానీ షాడో క్యాబినెట్ (ప్రతిపక్షం తరఫున ఒక్కో మంత్రికి ఎదురుగా నిలిచే బృందం) నింపడానికి మనుషులు దొరక్క ఒకరికే రెండేసి బాధ్యతలు అప్పగించిన రోజులు మేం చూశాం. సభ్యుల మనసు, ఎంపీల మనసు విడిపోయిన పార్టీలో పనిచేయడం ఎంత కష్టమో ఆ నాలుగేళ్లలో మా చిన్న శాఖలో కూడా తెలిసింది. స్నేహితులు మాట్లాడుకోవడం మానేశారు.

మన తెలుగువాళ్లకు ఈ కథ కొత్తదేమీ కాదు. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోస్ రెండోసారి నిలబడ్డారు. ముందు అనుకున్న మౌలానా ఆజాద్ తప్పుకుంటే, మచిలీపట్నం డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య పోటీలోకి వచ్చారు. జనవరి 24న సర్దార్ పటేల్, రాజేంద్రప్రసాద్, కృపలానీ, జమ్నాలాల్ బజాజ్ వంటి కార్యవర్గ సభ్యులు ఉమ్మడి ప్రకటన చేశారు. బోస్ ఆలోచించుకోవాలని, పట్టాభిని ఏకగ్రీవంగా ఎన్నుకోనివ్వాలని కోరారు. నెహ్రూ దాని మీద సంతకం పెట్టలేదు. గాంధీజీ మనసు ఎటు ఉందో అందరికీ తెలుసు. ఆనాటి భారతదేశంలో ఇంతకన్నా పెద్ద మద్దతు జాబితా ఊహించలేం. జనవరి 29న ప్రతినిధులు ఓటేశారు. బోస్‌కు 1,580, పట్టాభికి 1,377.

ఆ తర్వాత గాంధీజీ, పట్టాభిని తప్పుకోనివ్వకుండా ఆపింది తానే కాబట్టి ఈ ఓటమి ఆయనకన్నా తనదే ఎక్కువని ప్రకటించారు. నా దృష్టిలో, ఓట్లు పడకముందు చేసిన ఉమ్మడి ప్రకటనకన్నా ఓట్లు లెక్కపెట్టాక వచ్చిన ఈ ఒక్క ప్రకటనకు వందరెట్లు బలం ఉంది. ఫిబ్రవరిలో కార్యవర్గంలో 12 మంది రాజీనామా చేశారు. మార్చిలో త్రిపురి మహాసభకు బోస్‌ను జ్వరంతోనే స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. కొత్త కార్యవర్గాన్ని గాంధీజీ ఇష్ట ప్రకారమే వేయాలని గోవింద వల్లభ పంత్ తీర్మానం పెట్టారు, అది నెగ్గింది. గెలిచిన అధ్యక్షుడు తన కార్యవర్గాన్ని తానే వేసుకోలేని స్థితి. ఏప్రిల్ 29న కలకత్తాలో బోస్ రాజీనామా చేశారు. మూడు నెలలు. పెద్దల మద్దతు పట్టాభిని గెలిపించలేకపోయింది, బోస్‌ను మాత్రం నిలవనివ్వలేదు. పట్టాభి 1948లో, గాంధీజీ లేని కాలంలో, పురుషోత్తమదాస్ టాండన్‌ను ఓడించి అధ్యక్షుడయ్యారు. మన దగ్గర ఆయన్ను 'గాంధీ ఓటమి' కథలోనే తలుచుకోవడం నాకు బాధనిపిస్తుంది. ఆ కథలో ఆయన ఓడారు, కానీ ఆయన కథ అక్కడితో ఆగలేదు.

టాండన్ 1950లో మళ్లీ నిలబడి, పటేల్ అండతో కృపలానీని 1,306-1,092తో ఓడించారు. ప్రధాని నెహ్రూకు ఆయన ఇష్టం లేదు. ఏడాది తిరిగేసరికి టాండన్ తప్పుకోవాల్సి వచ్చింది, నెహ్రూయే ఆ కుర్చీలో కూర్చున్నారు.

2022లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక ఇంకో రకం. పదవుల్లో ఉన్నవాళ్లు ఎవరికీ ప్రచారం చేయకూడదని, చేయాలంటే పదవి వదులుకోవాలని ఎన్నికల విభాగం నియమం పెట్టింది. గాంధీ కుటుంబం ఎవరి పేరూ చెప్పలేదు. అయినా శశి థరూర్ రాష్ట్రాలు తిరిగినప్పుడు చాలాచోట్ల పీసీసీ అధ్యక్షులు కనిపించలేదని, ఖర్గే వస్తే మాత్రం ఎదురెళ్లి స్వాగతం పలికారని ఆయనే చెప్పారు. ఖర్గే 7,897, థరూర్ 1,072. నోటితో చెప్పని మద్దతు కూడా మద్దతే. ఆ ప్రతినిధులు పీసీసీల నీడలో ఉన్నవాళ్లు కాబట్టి అది పనిచేసింది. ఇంట్లో కూర్చుని తపాలాలోనో ఆన్‌లైన్‌లోనో ఓటేసే బ్రిటన్ సభ్యుడి మీద అలాంటి నీడ లేదు. రెండుచోట్లా మద్దతు ఒకేలా పనిచేయకపోవడానికి కారణం ఇదే.

నా లెక్క ప్రతిసారీ కుదురుతుందని చెప్పను. 2019లో బోరిస్ జాన్సన్‌కు చివరి రౌండులో 160 మంది ఎంపీలు ఓటేశారు, సగానికి పైగా. మూడేళ్లకు ఆయన్ను దించింది ఆ ఎంపీలే. 2020లో కీర్ స్టార్మర్‌కు ఎంపీల నామినేషన్లూ ఎక్కువే, సభ్యుల ఓటూ 56.2 శాతం. అలా రెండూ కలిసొచ్చిన ఎన్నికలో ఫోన్లు చేయడం ఎంత హాయిగా ఉందో నాకు గుర్తుంది. 2025లో లేబర్ ఉపనాయకత్వానికి బ్రిజెట్ ఫిలిప్సన్‌కు 175 మంది ఎంపీలు, లూసీ పవెల్‌కు 117 మంది నామినేషన్ ఇస్తే, సభ్యులు పవెల్‌ను గెలిపించారు. ఎంపీలు ఒకరిని ఎక్కువమంది కోరుకోవడం, రెండోవారిని అసలు భరించలేకపోవడం ఒకటి కాదు. 117 మంది ఉన్నవారికి పనిచేయడానికి మనుషులుంటారు. 36 మందితో, అందులోనూ చేబదుళ్లతో వచ్చినవారికి ఉండరు.

అందుకే జాబితాలో ఎవరికి ఎక్కువ అన్నది వదిలేసి, మీకు నచ్చిన అభ్యర్థికి కనీసం మూడో వంతు ఎంపీలైనా ఉన్నారా అని చూడండి. లేకపోతే ఓటేయొద్దని నేననను. 2016లో ఎంపీలంతా ఒకవైపు ఉంటే నేను కోర్బిన్‌కే వేశాను, సభ్యుల తీర్పును ఏడాదికే తుడిచేయడం తప్పనిపించి. కాకపోతే రాబోయే గొడవకు సిద్ధపడి వేశాను.

మీ ఎంపీ మాట గురించి: వినండి, కానీ ప్రకటన చదివి ఊరుకోకండి. నెలలో ఒకటి రెండుసార్లు నియోజకవర్గంలో సర్జరీ, అంటే జనాన్ని కలిసి సమస్యలు వినే సమావేశం, పెడతారు కదా, అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లండి. ఎందుకు మద్దతిస్తున్నారని అడిగితే ప్రకటనలో రాసిందే మళ్లీ చెబుతారు. దానికి బదులు, అవతలివారు గెలిస్తే వారి కింద పనిచేస్తారా అని అడగండి. 2020లో మా శాఖ సమావేశానికి వచ్చిన ఎంపీని నేను ఇదే అడిగాను. ఆయన కాసేపు బల్ల మీదున్న కాగితాలు సర్దుకుని, ఒక పేరు చెప్పి, ఆ మనిషి కింద మాత్రం చేయలేనన్నారు. ఆ సాయంత్రం నామినేషన్ మీద ఓటింగుకు ముందు మా సభ్యులు గంటసేపు మాట్లాడుకున్నది ఆ ఒక్క జవాబు గురించే.